మా అత్త చెవినొప్పి, నా కడుపుమంట

ముప్పై ఒక్క ఏళ్లు ఏఎన్‌ఎంగా పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన పిల్లలు ఎక్కడ కలిసినా మరిచిపోలేని కేసు ఒకటి చెప్పమంటారు. వాళ్లు కాన్పు కథ కోసం చూస్తారు. వంక పొంగడం, బండి ఆగిపోవడం, అవతలి గట్టున బిడ్డ ఏడుపు వినపడడం. అలాంటివి నా దగ్గర మూడున్నాయి. మూడింటిలోనూ నేనే గొప్పదాన్ని. ఇప్పటికే చాలాసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ వంక ఇంకొంచెం పొంగింది కూడా. ఈసారి వేరేది చెబుతాను. ఇందులో పేషెంటు మా అత్త, జబ్బు చెవినొప్పి, దాన్ని చెడగొట్టింది నేను.

మాది ముదిగుబ్బకు అవతల, గొర్రెలూ శెనక్కాయ చేన్లూ తప్ప చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేని ఊరు. నేను కోడలిగా వచ్చింది ఆ ఊరికే, చివరి పన్నెండేళ్లు ఉద్యోగం చేసిందీ అక్కడే. ఊళ్లో అందరూ నన్ను నర్సమ్మ అనేవాళ్లు. అసలు పేరు సగం మందికి తెలియదు. నర్సమ్మ ఇల్లు, నర్సమ్మ మొగుడు, ఆఖరికి నర్సమ్మోళ్ల గొర్రెలు. ఆయన గొర్రెల మీద సంపాదించేది నా జీతం కంటే ఎక్కువే అయినా, ఆ మందకు కూడా నా ఉద్యోగమే పేరు. అది నాకు లోలోపల చాలా ఇష్టంగా ఉండేది.

సర్వీసు ఇంకో మూడేళ్లు ఉందనగా మా ఊరికి క్లినిక్ కట్టారు. దానికి ఇన్‌చార్జిగా బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిని వేశారు. ధర్మవరం పక్క నేతపనివాళ్ల ఇంటి పిల్ల. నా సర్వీసు ఆ పిల్ల వయసు కంటే ఎక్కువ. అయినా నేను తిరిగొచ్చిన ఇళ్ల లెక్క ఆమె చూడాలి, నా రిపోర్టు ఆమె పైకి పంపాలి. మొదటి రోజే నాకు కుర్చీ వేసి "కూర్చో అక్కా" అంది. నా క్లినిక్కులో నాకే కుర్చీ వేస్తుందా అనుకున్నాను. వేయకపోయి ఉంటే, పెద్దదాన్ని నిలబెట్టింది అనుకునేదాన్నేమో. అసూయ పట్టినవాళ్లకు ఎదుటివాళ్లు ఏం చేసినా తప్పే.

నెల తిరక్కుండానే ఊరు ఆమెను డాక్టరమ్మ అనడం మొదలుపెట్టింది. ఆమె పాపం "డాక్టర్ని కాదు" అని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. అనుకుంటే అననీ, నాకేం. కానీ అందులోనుంచి ఇంకొకటి పుట్టింది. ఒకరోజు దారిలో ఒకామె ఎవరికో ఫోనులో మా ఇంటి గుర్తు చెబుతూ "పాత నర్సమ్మ లేదూ, ఆమె ఇంటి పక్కనే" అంది. పాత! వారం రోజులు నేను ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఇంటికి సున్నం వేయించి పది రోజులు కూడా కాలేదు, పాత నర్సమ్మ ఇల్లంట.

వాళ్లందరినీ ఎలాగో ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది మా అత్తను. ఆమెకు బీపీ ఉంది. ఏళ్ల తరబడి నేనే చూస్తూ, మాత్రలు నేనే పెడుతూ వచ్చాను. ఆమె ఎప్పుడూ చెయ్యి చాచి మొహం పక్కకు తిప్పుకుని కూర్చునేది, గొర్రెకు సూదేస్తున్నట్టు. అలాంటి మనిషి తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, రెండు వీధులు దాటి క్లినిక్కుకు పోయి ఆ పిల్ల దగ్గర బీపీ చూపించుకుని రావడం మొదలుపెట్టింది. వచ్చి నాకే చెప్పేది: "ఆ పాప చెయ్యి పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు మే. నీది ఇనుప చెయ్యి." ఉగాదికి పొయ్యి మీదనుంచి తీసిన మొదటి ఓళిగ, అదే బొబ్బట్టు, నెయ్యి రాసి డబ్బాలో పెట్టి క్లినిక్కుకు పంపింది. ఆ ఇంట్లో నేను ఇరవై తొమ్మిది ఉగాదులు చేశాను. మొదటి ఓళిగ నాకెప్పుడూ పెట్టలేదు.

ఆ పిల్లకు పైనుంచి ఒక పెట్టె వచ్చింది. అందులో చెవిలోకి చూసే చిన్న దీపం ఉంది. మా కాలంలో మాకు ఇచ్చింది కాన్పు సామాన్లు, సూదులు, ఒక తక్కెడ. చెవి మా సబ్జెక్టు కాదు. చెవినొప్పి అంటూ వస్తే బయటనుంచి చూసి, గులిమి అయితే చుక్కలు, చీము అయితే పెద్దాసుపత్రి, అంతే. ఆమె ఆ దీపం తీసి "రా అక్కా, ఎట్ల చూడాల్నో చూపిస్తా, శానా సులువు" అంది. "నాకు కళ్లద్దాలుండాయిలేమ్మా, చాలు" అన్నాను. ఆ రోజు పది నిమిషాలు కూర్చుని నేర్చుకుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. అది ఎండాకాలం. చేన్లలో ఏమీ ఉండదు, గొర్రెలు పగలంతా తిరిగొచ్చి దొడ్లో ఉంటాయి. మా అత్తకు పిల్లగొర్రెలంటే ప్రాణం. సాయంత్రం పూట ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పడుకోబెట్టుకుని చెవుల్లో, తోక కింద వేళ్లు పెట్టి పిడుదులు ఏరి రాయి మీద చితకొడుతుంది. పిడుదంటే గొర్రె ఒంటికి కరుచుకుని నెత్తురు తాగే పురుగు. ఇంట్లో ఉక్కగా ఉందని ఆ దొడ్డి తడిక పక్కనే చాప వేసుకుని పడుకుంటుంది. మా ఊళ్లో గొర్రెలున్న ముసలివాళ్లంతా అలాగే పడుకుంటారు.

ఒక తెల్లవారుజామున లేచి కుడిచెవి పట్టుకుని అరిచింది. మా అత్త అరిచే మనిషి కాదు. ఆరు కాన్పులూ నోరు మూసుకుని అయినాయని చెప్పుకునే మనిషి. నేను బయటికి పరిగెత్తాను.

"చెవిలో సూదితో పొడిచినట్టు నొస్తాంది మే. లోపల ఏందో పారాడుతాంది."

పిల్లలారా, పేషెంటు చెప్పిన ఆ రెండో మాట మళ్లీ చదవండి. నేను వినిపించుకోలేదు. వెలుతురులోకి తిప్పి, చెవి దొప్ప లాగి, బయటనుంచి చూశాను. నల్లగా గులిమి కనిపించింది. "గులిమి గట్టిపడింది, అంతే. చుక్కలేస్తే కరిగిపోతాది" అన్నాను.

"డాక్టరమ్మ కాడ దీపం ఉండాదంట గదా, ఒక తూరి చూపిస్తే?" అంది నెమ్మదిగా.

ఆ మాట నన్ను ఎక్కడ తాకాలో అక్కడ తాకింది. "ఇంట్లో నర్సమ్మను పెట్టుకోని వీధిలో పోయి చూపించుకుంటావా? ఊరంతా ఏమనుకుంటాది? గులిమి తియ్యడానికి కూడా నేను పనికిరానా?" అని గట్టిగానే అన్నాను. ఆమె చెవి నా వైపు పెట్టి పడుకుంది. నేను చుక్కలు వేశాను. ఆ రోజంతా పడుకునే ఉంది. నేను డ్యూటీకి పోయాను. క్లినిక్కులో ఆ పిల్ల "అవ్వ ఈ వారం బీపీకి రాలేదే అక్కా?" అని అడిగితే, "పనుల్లో ఉంది" అన్నాను. అలా అంటుంటే నాకు కొంచెం సంతోషం కూడా వేసింది. ఇదీ ఉన్నమాటే, అందుకే రాస్తున్నాను.

రెండో రోజుకు నొప్పి పెరిగింది. దవడ కదపలేకపోయింది. సంగటి వద్దని మజ్జిగ తాగింది. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి నాకిప్పటికీ మొహం చెల్లదు. చెవిలో నూనె పోయకండి, వెల్లుల్లి కాచి పోయకండి, ఆకుపసరు పోయకండి అని ముప్పై ఏళ్లు ఇంటింటికీ తిరిగి తల్లుల్ని తిట్టిన దాన్ని. పొయ్యి మీద నూనె వేడి చేసి, వెల్లుల్లి వేసి, గుడ్డలో వడగట్టి, మా అత్త చెవిలో పోశాను. చుక్కలతో కరగని గులిమి దీనితో కరుగుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. నూనె తర్వాత మిగిలింది ఆ పిల్ల ఒక్కటే. ఆమె దగ్గరికి పోకుండా ఉండడానికి నేను ఏదైనా పోసేదాన్ని.

సాయంత్రం దిండు మీద చిన్న నెత్తుటి మరక కనిపించింది. దిండుగుడ్డ తీసి నీళ్లలో నానేశాను. మా ఆయనకు చెప్పలేదు.

మూడో రోజు భయం పట్టుకుంది. అయినా రోషం తగ్గలేదు. మొదటి బస్సుకే ఆమెను పట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. చీటీ వరసలో రెండు గంటలు. చెవి కాస్తా ఎర్రగా కాగినట్టయింది. మా అత్త గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని కొంగు చెవికి అదుముకుని ఉంది. తీరా మా వంతు వస్తే, చెవి డాక్టర్లకు ఆ రోజు ఆపరేషన్లు, మామూలు ఓపీ ఎల్లుండి అన్నారు.

"నేనూ హెల్త్ డిపార్ట్‌మెంటేనప్పా, ఏఎన్‌ఎంని" అని కార్డు తీసి చూపించాను.

కౌంటర్లో అతను కార్డు చూసి, నన్ను చూసి, "అట్లయితే ఓపీ దినాలు మాకంటే నీకే బాగా తెలిసుండల్ల గదమ్మా" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. తర్వాత అతనే జాలిపడి, "మీ ఊరి క్లినిక్ నుంచి రెఫరల్ చీటీ ఉండాదా? అది ఉంటే అర్జంటు కింద ఇప్పుడే లోపలికి పంపిస్తా. ఫోన్ చేసి పంపించుకో, ఫోటో అయినా చాలు" అన్నాడు.

చీటీ రాయాల్సింది ఆ పిల్ల. ఫోను నా చేతిలోనే ఉంది. ఆమె నంబరు పైనే ఉంది, పొద్దున "సెలవు కావాలి" అని మెసేజ్ పెట్టినదాన్ని నేనే. నంబరు వైపు చూస్తూ నిలబడ్డాను. "అక్కా, అవ్వకు మూడు దినాలుగా నొప్పి అంటే నాకు చెప్పలేదే?" అని ఆ మెత్తటి గొంతుతో అడుగుతుంది. ఆ ప్రశ్న వినడం కంటే ఇంకో ఆసుపత్రి వెతుక్కోవడం మేలనిపించింది. ఫోను సంచిలో పెట్టేశాను.

ఒక ప్రైవేటు నర్సింగుహోముకు పోయాం. చెవి డాక్టరు సాయంత్రం ఆరు తర్వాత వస్తాడు, మా ఊరి ఆఖరి బస్సు ఐదున్నరకు. డ్యూటీలో ఉన్న కుర్రడాక్టరు సెల్‌ఫోను టార్చి వేసి, నాలాగే బయటనుంచి చూసి, "వ్యాక్స్ అమ్మా, చుక్కలు రాస్తా" అన్నాడు. మీరు నమ్మరు, నాకు ప్రాణం లేచొచ్చింది. నేను చెప్పిందే డాక్టరూ చెప్పాడు! మా అత్త నొప్పితో వంకర్లు పోతుంటే, నేను బస్సులో గెలిచినదానిలా కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తల పెట్టుకుంది. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి. నేను దాన్ని కూడా సరిగ్గా గమనించలేదు, ఈ మాట ఆ పిల్లకు ఎలా తెలియజేయాలా అని ఆలోచిస్తున్నాను.

నాలుగో రోజు పొద్దున టీ ఇచ్చాను. తాగుతుంటే కుడిపక్క పెదవి మూలనుంచి టీ కారి చీర మీద పడింది. తుడుచుకుని మళ్లీ తాగింది, మళ్లీ కారింది. మా ఆయన గొర్రెలు విప్పబోతూ అది చూసి ఆగిపోయాడు. మా అత్త మూతి ఎడమ వైపుకు లాక్కుపోయి ఉంది. కుడికన్ను మూతపడడం లేదు.

"పక్షవాతం!" అన్నాడు ఆయన. చేతిలో తాడు కింద పడేశాడు. నాకూ అదే అనిపించింది. బీపీ మాత్రలు ఈ నాలుగు రోజులూ ఇచ్చానా లేదా అన్నది కూడా గుర్తుకు రాలేదు. 108కి ఫోన్ చేస్తే బండి కదిరి వైపు పోయిందని, గంట పడుతుందని చెప్పారు.

"డాక్టరమ్మను పిలుస్తా" అన్నాడు.

"ఆమె వచ్చి ఏం చేస్తాది? గంటలో బండి వస్తాది గదా."

ఆయన నా మీద ఎప్పుడూ గొంతు ఎత్తిన మనిషి కాదు. "నీ రోషం నువ్వే నెత్తిన పెట్టుకోని ఊరేగు! నాలుగు దినాల నుంచి చూస్తాండా, మా అమ్మను ఆ పాప కాడికి పోనీకుండా అడ్డం పడుకోని ఉండావు. నాకు తెలీదనుకుంటివా?" అని చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు.

పది నిమిషాల్లో ఆ పిల్ల స్కూటర్ మీద వచ్చింది. తల దువ్వుకోలేదు, జడ సగం అల్లి ఉంది. వస్తూనే మా అత్త ముందు నేల మీద కూర్చుంది.

"అవ్వా, చేతులు రెండూ పైకెత్తు. ఆఁ. ఇప్పుడు నొసలు పైకెత్తు, ఆశ్చర్యపోయినట్టు. కండ్లు గట్టిగా మూసుకో."

చేతులు రెండూ సమానంగా లేచాయి. నుదురు ఎడమ సగం ముడతలు పడింది, కుడి సగం నున్నగా ఉండిపోయింది. "ఇది మామూలు పక్షవాతంలాగా లేదన్నా. అట్లయితే నొసలు కదులుతాది. ఇది మొగం నరం. ఆ నరం చెవి పక్కనుంచే పోతాది" అంది మా ఆయనతో. తర్వాత సంచిలోంచి ఆ దీపం తీసింది. చెవి దొప్ప పైకి, వెనక్కి లాగి, దీపం పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.  మీకు నిజం చెబుతున్నా, ఆ క్షణంలో కూడా నా మనసులో ఒక మూల, అక్కడ ఏమీ కనపడకూడదు దేవుడా అని ఉంది.

"పిడుదు" అంది. "లోపల పొరకు ఆనుకోని కరుచుకోని ఉండాది. నువ్వే చూడక్కా."

దీపం నా చేతికిచ్చింది. కళ్లద్దాలు సర్దుకుని చూశాను. లోపల బూడిదరంగులో, శెనగ్గింజ సగమంత ఉబ్బి, కాళ్లు ఆడుతున్నాయి. మొదటి రోజు తెల్లవారుజామున ఆమె చెప్పింది కదా, ఏందో పారాడుతాంది అని.

ఆ పిల్ల ఫోనులో వీడియో కాల్ చేసి పెద్దాసుపత్రిలో చెవి డాక్టరుగారితో, పేషెంటు మా ఏఎన్‌ఎం అక్క అత్త అని చెప్పి మాట్లాడింది. వాళ్లకు అలా లైను ఉంటుంది. ఆయన తెర మీద కనిపించి మా అత్త మొహం చూశారు. "ఎన్ని రోజులైంది నొప్పి మొదలై?" అని అడిగారు. ఆ పిల్ల చీటీ పుస్తకం తెరిచి పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"నిన్నటి నుంచి" అన్నాను. నోరు దానంతటది చెప్పేసింది.

మా ఆయన నన్ను చూశాడు. ఆయన నోరు తెరిచేలోపల మా అత్త అందుకుంది. వంకరపోయిన మూతితో, మాటలు జారిపోతుంటే కూడబలుక్కుని చెప్పింది: "ఔ పాపా, నిన్ననే. నా కోడలు నిన్ననే పట్నానికి తోడుకోని పాయె."

"చెవిలో ఏమైనా పోశారా?"

"లేదు సార్" అన్నాను.

"సరే. పిడుదు ప్రాణంతో ఉంటే ఇంకా కరుస్తుంది. నీ దగ్గరున్న మత్తుచుక్కలు చెవినిండా పోసి పది నిమిషాలు పడుకోబెట్టు. చచ్చాక పంపించు, ఇక్కడ తీస్తాం" అన్నారు డాక్టరుగారు.

ఆ పిల్ల మా అత్త తలను తన ఒళ్లో పడుకోబెట్టుకుంది. సీసా మూత తీసింది. చెవి మీదికి వంచింది. ఒక్క క్షణం, అంతే. నిన్నటి నుంచి అన్న అబద్ధం నాలుకమీదే ఉంది. దిండుగుడ్డ మీది మరక నాకు కళ్ల ముందు ఉంది. లోపలి పొర చిల్లిపడి ఉంటే, ఈ మందు ఇంకా లోపలికి పోతుందని నాకు తెలుసు. చెవి నా సబ్జెక్టు కాకపోయినా ఆ మాత్రం తెలుసు. నేను నోరు తెరిస్తే ఇక ఈ ఊళ్లో నాకు నర్సమ్మ అన్న పేరు ఉండదని కూడా తెలుసు.

సీసా పట్టుకున్న ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పొయ్యొద్దు. నాలుగు దినాలైంది. చుక్కలు నేనేసినా. వెల్లుల్లి నూనె నేనే కాచి పోసినా. మొన్న సాయంత్రం నెత్తురొచ్చింది. దిండుగుడ్డ ఉతికేసినా."

 ఫోనులో డాక్టరుగారు, "మీరు ఏఎన్‌ఎం కదమ్మా?" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "చుక్క కూడా పోయొద్దు. ఇప్పుడే బయలుదేరండి, నేను ఓటీ ముందు ఉంటా" అని పెట్టేశారు.

ఆ పిల్ల సీసా మూత పెట్టి, చీటీలో "ఒకరోజు" అని రాసింది కొట్టేసి "నాలుగు రోజులు" అని రాసింది. కింద చుక్కలు, నూనె, నెత్తురు, అన్నీ రాసింది. రాయకుండా వదిలేస్తుందేమోనని నేను ఆమె మొహంలోకి చూశాను. ఆమె తల ఎత్తలేదు. ఎక్కడా నన్ను ఒక మాట అనలేదు, ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. ఆ మంచితనం మీద కూడా నాకు అసూయే కలిగింది. నేను ఆ వయసులో అయితే కనీసం ఒక చూపైనా చూసేదాన్ని.

బండి వచ్చింది. ఆమె కూడా మాతో ఎక్కింది. దారిపొడవునా కుడికన్నులో దుమ్ము పడకుండా తడిగుడ్డ కప్పి పట్టుకుని కూర్చుంది. ఆసుపత్రిలో చీటీ చూపించగానే లోపలికి పంపించారు. అదే కౌంటరు, అదే మనిషి. నన్ను గుర్తుపట్టాడు.

పెద్ద అద్దం కింద పెట్టి పావుగంటలో తీశారు. పొర చిల్లిపడి ఉంది. డాక్టరుగారు ఆ పిల్లను మెచ్చుకున్నారు. నా వైపు తిరిగి, మొదటి రోజే చూసి ఉంటే మూతి వంకరపోయేది కాదేమో అన్నారు. ఆ "ఏమో" నామీద దయతో చేర్చినదే. మూతి సర్దుకోవడానికి మూడు నెలలు పట్టింది. ఆ చెవి మాత్రం మళ్లీ సరిగ్గా వినపడలేదు.

మీరు ఈ ఉద్యోగంలోకి వచ్చాక మీకంటే చిన్నవాళ్లు మీ పైన వస్తారు, మీకు తెలియని దీపాలు తెస్తారు. కడుపు మండుతుంది. మండకూడదని నేను చెప్పను, నాకు ఇప్పటికీ మండుతుంది. ఆ పిల్లకు బదిలీ అయినరోజు ఊరంతా ఏడిస్తే, నా రిటైర్‌మెంటుకు ఇంతమంది రాలేదే అని లెక్కపెట్టిన దాన్ని. కానీ పేషెంటు వీధిలో ఉన్నా, ఇంట్లో ఉన్నా, మండేది మీ కడుపైతే నొప్పి పడేది వాళ్లని గుర్తుపెట్టుకోండి.

పిడుదు తీసిన తర్వాత మా అత్తను వరండాలో బల్ల మీద పడుకోబెట్టారు. మా ఆయన మందులకు పోయాడు, ఆ పిల్ల కాగితాల కోసం పోయింది. మేమిద్దరమే మిగిలాం. నేను అడగలేక అడగలేక అడిగాను.

"నిన్ననే అని ఎందుకు చెప్పినావత్తా? నామీద కోపం రాలేదా?"

ఆమె మూతపడని కన్నుతో నా వైపు చూసింది. "ఆ పాప ముందర నీ తల దించుకోనిస్తానా?"

"పోనీ, మొదటి దినమే నన్ను కాదని ఆ పాప కాడికి పోయుండచ్చు గదా. రెండు వీధులే గదా. అంత నొప్పి ఎందుకు ఓర్చుకుంటివి?"

 చెవిలో దూది ఉంది, వినపడలేదేమో అనుకున్నాను. వినపడింది.

"ఆ పాప కాడ బీపీ చూపించుకోని వచ్చిన దినమల్లా నువ్వు రెండు ముద్దలు తిని లేస్తాండావు. నేను చూడ్లేదనుకుంటివా? ఇప్పుడు చెవి గూడా చూపించుకుంటే ఆ రెండు ముద్దలు గూడా తినవు." మూతి సగం కదలడం లేదు, మాట జారుతోంది, అయినా ఆపకుండా చెప్పింది. "నువ్వు తినకుండా పండుకుంటే నాకు నిద్ర రాదే. నొప్పి అయితే ఓర్చుకోవచ్చులే అనుకుంటి."